బ్రాండో, నికల్సన్ ఇద్దరూ ఉన్నా ‘ది మిస్సోరి బ్రేక్స్’ ఎందుకు తేలిపోయింది?

గుత్తికోట (అనంతపురం):

అందరికీ నమస్తే. కొన్నాళ్ళుగా పాత హాలీవుడ్ వెస్టర్న్‌లు, అంటే కౌబాయ్ సినిమాలు, వరసగా చూస్తున్నాను. అరవైల చివర నుంచి డెబ్బైల దాకా వచ్చినవి ముఖ్యంగా. షెరీఫ్ మంచివాడు, దొంగ చెడ్డవాడు, రెడ్ ఇండియన్ శత్రువు అనే పాత లెక్కను తిరగేసి, ఆ నేల అసలు ఎవరిది, చట్టం ఎవరి చేతిలో ఉండేది అని అడిగిన సినిమాలు. అలా చూస్తూ 1976లో వచ్చిన ‘ది మిస్సోరి బ్రేక్స్’ దగ్గరికి వచ్చాను. మార్లన్ బ్రాండో, జాక్ నికల్సన్ కలిసి నటించారు. దర్శకుడు ఆర్థర్ పెన్, 1967లో ‘బోనీ అండ్ క్లైడ్’, 1970లో ‘లిటిల్ బిగ్ మ్యాన్’ తీసినాయన. సంగీతం జాన్ విలియమ్స్. ఇన్ని పేర్లు ఒకే పోస్టరు మీద చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది.

చూడనివాళ్ళ కోసం కథ చెప్తాను. అమెరికాలోని మోంటానాలో బ్రాక్స్‌టన్ అనే పెద్ద పశువుల ఆసామి ఉంటాడు. దొంగతనం చేశాడని ఒక కుర్రాణ్ణి పట్టుకుని, కోర్టూ విచారణా ఏమీ లేకుండా ఉరి తీయిస్తాడు. ఆ కుర్రాడు టామ్ లోగన్ ముఠాలోవాడు. లోగన్ అంటే నికల్సన్. వీళ్ళు పగబట్టి ఆసామి దగ్గర పెత్తనం చేసేవాణ్ణి ఉరి తీస్తారు. తర్వాత లోగన్ ఆసామి భూమి పక్కనే కొంచెం జాగా కొంటాడు. దొంగిలించిన గుర్రాలకు అది మజిలీ, పైకి మాత్రం కూరగాయలు పండించే రైతు. ఈలోగా ఆసామి కూతురు జేన్‌తో ప్రేమ. ఈ ముఠాను ఒక్కొక్కరినీ ఏరేయడానికి ఆసామి ఒక కిరాయి మనిషిని పిలిపిస్తాడు, పేరు రాబర్ట్ ఇ. లీ క్లేటన్. అది బ్రాండో.

మొదటి సీను చూసి నేను నిటారుగా కూర్చున్నాను. గడ్డి ఏపుగా పెరిగిన మైదానంలో ముగ్గురు గుర్రాల మీద తాపీగా మాట్లాడుకుంటూ వస్తుంటారు. గొంతుల్లో కోపం లేదు, తొందర లేదు. అలా వచ్చి ఒక చెట్టు దగ్గర ఆగుతారు, అక్కడ జనం గుమిగూడి ఉంటారు, తిరునాళ్ళకు వచ్చినట్టు ఆడవాళ్ళూ పిల్లలూ కూడా ఉంటారు. వాళ్ళలో ఒకణ్ణి ఉరి తీయడానికే తీసుకొచ్చారని అప్పుడు గానీ మనకు తెలియదు. ఆ కుర్రాడికి తెలుసు, దారి పొడుగునా తెలుసు, అయినా మర్యాదగా మాట్లాడుతూనే వచ్చాడు. ఒక మనిషి ప్రాణం తీయడం ఆ ఊరికి ఎంత మామూలైపోయిందో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

తర్వాత బ్రాండో వచ్చాడు, అక్కడి నుంచి నాకు పట్టు తప్పింది. ఐరిష్ యాసలో మొదలుపెడతాడు, కాసేపటికి ఇంకో యాస. ఒంటికి అంచులు వేలాడే తోలు చొక్కా, సెంటు. పంటి నొప్పి అని చెప్పి శవపేటికలో శవం చుట్టూ పేర్చిన మంచుగడ్డ తీసుకుంటాడు. నురగతో నిండిన తొట్టిలో స్నానం చేస్తాడు. చివరికి ముసలమ్మలా గౌను వేసుకుని, తలకు టోపీ కట్టుకుని చంపుతాడు. ఒక్కొక్క సీను విడిగా చూస్తే కళ్ళు తిప్పుకోలేం, ఒప్పుకుంటాను. కానీ ఆ సీన్లు కలిసి ఒక మనిషి కాలేదు. వీడు ఎక్కడి నుంచి వచ్చాడు, వీడికి ఏం కావాలి, ఆసామి ఇక చాలు వెళ్ళిపో అన్నాక కూడా ఎందుకు వేటాడుతున్నాడు, ఏదీ అందలేదు. నికల్సన్ అంతటివాడు ఆ సీన్లలో పక్కకు జరిగి చోటిచ్చాడు.

నేను అడిగేది ఇదే. ఇది కావాలని చేసిందా, లేక దర్శకుడి చేయి దాటిపోయిందా? పాత పద్ధతిని బద్దలు కొట్టడమంటే నటుడికి తోచింది తోచినట్టు చేయనివ్వడమేనా? నచ్చినవాళ్ళు ఉంటే ఎందుకు నచ్చిందో చెప్పండి, నిజంగా తెలుసుకోవాలని ఉంది.


బురుజుకింద (కర్నూలు):

చేయి దాటిపోయింది అనే అంటాను నేను. ఎందుకో చెప్పాలంటే ఆ ఏడాది ఎలాంటిదో గుర్తు చేసుకోవాలి. 1976 మార్చిలో నికల్సన్‌కు ‘వన్ ఫ్లూ ఓవర్ ది కుకూస్ నెస్ట్’కు ఆస్కార్ వచ్చింది. ఈ సినిమా మే నెలలో విడుదలైంది. బ్రాండో సంగతి చూస్తే, 1972లో ‘ది గాడ్‌ఫాదర్’ చేశాడు, దానికి వచ్చిన ఆస్కార్‌ను 1973లో వద్దన్నాడు, అమెరికా సినిమాల్లో ఆదివాసుల్ని చూపించే తీరుకు నిరసనగా. ఆ తర్వాత కొన్నేళ్ళు తెర మీద కనిపించనేలేదు. అంత ఎదురుచూపు తర్వాత వచ్చిన సినిమా ఇది. ఆయన కాల్షీట్లు ఐదు వారాలు, దానికి పది లక్షల డాలర్లు, పైన వసూళ్ళలో వాటా. ఒక నిర్మాత ముందు ఇద్దరు స్టార్ల కాల్షీట్లు పట్టుకుని, ఆ తేదీలకు సరిపడా సినిమా తీస్తే ఏమవుతుందో మన తెలుగువాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. కథ రాసిన టామస్ మెగ్వేన్ మంచి నవలాకారుడు, మోంటానాలోనే ఉండేవాడు, ఆ నేల ఆయనకు బాగా తెలుసు. మాటల్లో ఆ పదును ఉంది. కానీ సీనుకూ సీనుకూ మధ్య ఉండాల్సిన గట్టిదనం లేదు.

నాకు అసలు బాధ వేరే ఉంది. ఈ కథ వెనక నిజంగా జరిగిన చరిత్ర ఉంది, సినిమా దాని అంచు తాకి వదిలేసింది. 1884లో మోంటానాలో గ్రాన్విల్ స్టూవర్ట్ అనే పశువుల ఆసామి, మిస్సోరి నది కోసేసిన లోయల్లో (సినిమా పేరులో ‘బ్రేక్స్’ అంటే అవే) దాక్కున్న గుర్రాల దొంగల మీదికి తన మనుషులతో వెళ్ళి, దొరికినవాళ్ళను దొరికినట్టు చంపించాడు. కొందరిని ఉరి తీశారు, కొందరిని కాల్చారు. ఆ గుంపుకు ‘స్టూవర్ట్స్ స్ట్రాంగ్లర్స్’ అని పేరు పడింది. ఇంతా చేసిన ఆ స్టూవర్ట్ మోటు మనిషి కాడు. పుస్తకాల పిచ్చి ఉన్నవాడు, డైరీలు రాసినవాడు, షొషోనీ అనే ఆదివాసీ తెగ అమ్మాయిని పెళ్ళి చేసుకున్నవాడు. తర్వాత పరాగ్వే, ఉరుగ్వే దేశాలకు అమెరికా రాయబారిగా వెళ్ళాడు, ముసలితనంలో బ్యూట్ పట్నంలో లైబ్రరీ చూసుకున్నాడు. ఆ ఉరులకు ఆయన మీద కేసు లేదు, శిక్ష లేదు.

సినిమాలో బ్రాక్స్‌టన్‌ను చూడండి. ఇంటి నిండా ఇంగ్లీషు సాహిత్యం. పశువుల లెక్క ఎంత శ్రద్ధగా చూస్తాడో పుస్తకాలూ అంతే శ్రద్ధగా చదువుతాడు. చదువుకున్నవాడు, కూతురంటే ప్రాణం పెట్టేవాడు, పొద్దున లేచి వెళ్ళి ఒక కుర్రాణ్ణి ఉరి తీయించి వచ్చి పుస్తకం తెరుస్తాడు. ఇంతకంటే పెద్ద పాత్ర ఏముంటుంది? పడమటి నాగరికత ఏ పునాది మీద లేచిందో ఆ ఒక్క మనిషిని పట్టుకుంటే మొత్తం చెప్పవచ్చు. జాన్ మెక్లియమ్ అనే నటుడు ఆ వేషం చాలా బాగా వేశాడు. కానీ బ్రాండో గడప తొక్కిన క్షణం నుంచి ఆ ఆసామి మూలకు పోయాడు, చివరికి జబ్బుపడి దాదాపు కథలోంచే తప్పుకున్నాడు. దొంగల్ని చంపించిన వ్యవస్థను చూపించాల్సిన సినిమా, కిరాయికి వచ్చిన ఒక్కడి వింత చేష్టల మీద పడిపోయింది. చంపినవాడు పిచ్చివాడైతే చంపించినవాడి మీద మనకు కోపం ఎక్కడ నిలుస్తుంది?


గండికోట_గాలి (కడప జిల్లా):

అన్నా, మీ ఇద్దరి మాటా సగం ఒప్పుకుంటాను. మిగతా సగానికి అడ్డం చెప్పాలి. ఈ సినిమా నాకు పూర్తిగా నచ్చిందని కాదు, కానీ బ్రాండో ఒక్కణ్ణి ముద్దాయిని చేస్తే సరిపోదు. (చివరి సీన్లు చెప్తున్నాను, చూడనివాళ్ళు దాటేయండి.)

క్లేటన్ ఎలా చంపుతాడో చూసినారా? ఒక్కసారి కూడా ఎదురుగా నిలబడడు. చేతిలో చాలా దూరం పోయే రైఫిల్, మెడలో పక్షుల్ని చూసే బైనాక్యులర్స్. వాగులో, ఇంట్లో, ఎవడు ఏమరుపాటుగా ఉంటే వాణ్ణి. వీధి మధ్యలో ఇద్దరు నిలబడి ఎవడు ముందు తుపాకి తీస్తాడో చూద్దాం అనే పాత వెస్టర్న్ మర్యాద ఇక్కడ లేదు. నిజంగా కిరాయి హత్య అంటే అంతే కదా. చంపేవాడికి రోషమూ ఉండదు, తొందరా ఉండదు. పనిలో విసుగు రాకుండా తనకు తాను కాలక్షేపం చేసుకుంటాడు. పాటలు పాడుకుంటాడు, తన గుర్రానికి ప్రేమ కబుర్లు చెప్తాడు. ఆ గౌనూ ఆ టోపీ కూడా నాకు ఆ విసుగులోంచే వచ్చినాయనిపించింది. భయం వేసింది నాకు.

ఇంకో మాట. స్నానం తొట్టి సీను మీరు ఊరికే వింతల్లో కలిపేసినారు. అది సినిమాకు నడుం. లోగన్ చంపాలనే తుపాకి తీసుకుని వస్తాడు. క్లేటన్ నీళ్ళలో బట్టల్లేకుండా ఉంటాడు, వీపు తిప్పి కూర్చుంటాడు. లోగన్ కాల్చలేడు, తొట్టికి చిల్లు పెట్టి వెళ్ళిపోతాడు. ఆయుధం లేనివాణ్ణి, వీపు చూపించినవాణ్ణి చంపకూడదు అనే పాత హీరో నీతి వాడిలో ఇంకా ఉంది. దాని వల్ల ఏమైంది? స్నేహితులందరూ చచ్చిపోయినారు. చివర్లో అదే లోగన్, నిద్రపోతున్న క్లేటన్ గొంతు కోస్తాడు. కళ్ళు తెరిచి చూసేలోపల అయిపోతుంది, పక్కనే లోగన్ మొహం. పోరాటం లేదు, బాణీ లేదు, ఎవరూ చప్పట్లు కొట్టే సీను కాదు అది. హీరో గెలవాలంటే కిరాయి హంతకుడి పద్ధతికే దిగాల్సి వచ్చింది. పెన్‌కు ఏం చెప్పాలో తెలుసు అనడానికి ఈ రెండు సీన్లు చాలు నాకు.

మరి ఎక్కడ చెడింది అంటే, ఆ రెండు సీన్ల మధ్య లోగన్ మనసు మారే దారి కనపడలేదు. నికల్సన్ కళ్ళలో కొంచెం కనపడుతుంది, రాసినవాళ్ళు ఇవ్వలేదు. ఒక స్నేహితుడు చచ్చినాక ఇంకో స్నేహితుడు, వాళ్ళ మీద ఏడ్చే తీరిక కూడా సినిమా వాడికి ఇవ్వలేదు. హ్యారీ డీన్ స్టాంటన్, రాండీ క్వెయిడ్ లాంటి నటులు ఆ ముఠాలో ఉన్నారు, వాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకునే కాసేపూ సినిమా ఎంత బాగుందో. కెనడా పోలీసుల గుర్రాలనే ఎత్తుకొద్దామని బయల్దేరతారే, ఆ ప్రయాణం ఇంకా చూడాలనిపించింది నాకు.

నేల గురించి కూడా ఒక మాట. పెన్నా ఒడ్డున గండికోట అంచున నిలబడి కిందికి చూసినవాళ్ళకు ఆ మిస్సోరి లోయలు కొత్తగా అనిపించవు. నది కోసిన రాయి, పైన చదును నేల, కింద దాక్కోవడానికి వెయ్యి సందులు. అలాంటి చోట దొంగా దాక్కుంటాడు, వేటగాడూ దాక్కుంటాడు. ఆ నేలను కెమెరా పట్టుకుంది గానీ కథ వాడుకోలేదు.


చీనీతోట (తాడిపత్రి దగ్గర):

గండికోట అన్న చెప్పింది చదివాక నేను రాయకుండా ఉండలేకపోతున్నాను. నాకు ఈ సినిమాలో అన్నిటికంటే ఎక్కువ గుర్తుండిపోయింది లోగన్ తోట. దొంగ, మజిలీ కోసం జాగా కొన్నాడు, పైకి రైతులా కనపడాలని నాలుగు మొక్కలు వేశాడు. కానీ మట్టి తవ్వి నీళ్ళు పారించేకొద్దీ వాడికి నిజంగానే ఆ పని మీద మనసు పడుతుంది. స్నేహితులు గుర్రాల కోసం వెళ్తే వీడు మొక్కల దగ్గరే ఉండిపోతాడు. నికల్సన్ ఆ కాలువ తవ్వే సీన్లలో ఎంత కుదురుగా ఉంటాడో చూడండి, ఆయన మామూలుగా చేసే కనుబొమల ఆట ఒక్కటీ లేదు.

మన ఫ్యాక్షన్ ఊళ్ళ సంగతి తెలిసినవాళ్ళు ఆ తోటను చూస్తే ఏం అనుకుంటారు? దీన్ని ఎప్పుడు నరుకుతారో అని అనుకుంటారు. మా వైపు పగ అంటే ముందు మనిషి మీదికి రాదు, చెట్ల మీదికి వస్తుంది. రాత్రికి రాత్రి చీనీ (బత్తాయి) చెట్లు మొదలు దాకా నరికేసి పోతారు. చీనీ చెట్టు కాపుకు రావాలంటే నాలుగైదేళ్ళు నీళ్ళు పోసి సాకాలి, అదీ మా నీళ్ళ కరువులో, బోర్లు ఎండిపోయే చోట. పొద్దున్నే లేచి చూస్తే పచ్చి ఆకులు అలాగే ఉంటాయి, చెట్టు మాత్రం పడిపోయి ఉంటుంది. ఆకు వాడిపోవడానికి రెండు రోజులు పడుతుంది. ఆ రెండు రోజులూ ఆ రైతు తోటలోనే కూర్చుంటాడు. మనిషి పోతే ఏడవడానికి పదిమంది వస్తారు, చెట్లు పోతే ఎవరూ రారు. నేను చిన్నప్పుడు మా బంధువుల తోటలో ఇది చూశాను. ఎవరు చేశారో ఊరంతటికీ తెలుసు, ఎవరూ నోరు విప్పలేదు.

ఎందుకు చెప్తున్నానంటే, హింస ఎలా ఉంటుందో నిజంగా చూపించాలనుకున్న సినిమాకు ఆ తోట చేతిలోనే ఉంది. దొంగతనం మానేసి రైతు అయిపోదామా అని ఒకడి మనసు ఊగుతోంది, అటు వాడి మనుషులు ఒక్కొక్కరే చస్తున్నారు. ఈ రెండూ ఒకదానికొకటి తగలాలి. తగిలి ఉంటే ఇద్దరు స్టార్లను ఎదురెదురుగా నిలబెట్టి మాటలు చెప్పించే అవసరమే ఉండేది కాదు. తోట పక్కన ఉండిపోయింది, మనం బ్రాండో గౌను గురించి మాట్లాడుకుంటున్నాం.

మనవాళ్ళు తీసిన ఫ్యాక్షన్ సినిమాలతో నాకున్న గొడవ కూడా అదే. తొంభైల చివర్లో మొదలై కొన్నేళ్ళ పాటు వరసగా వచ్చాయి కదా, సుమోలు గాల్లోకి లేవడం, హీరో తొడ కొట్టడం, వేటకొడవళ్ళు. చదువుకోవడానికి హైదరాబాదు పోతే హాస్టల్లో మొదటి ప్రశ్న, మీ ఇంట్లో నాటుబాంబులు ఉంటాయా అని. ఊళ్ళో పోలీసు పికెట్ పెట్టాక ఆడవాళ్ళు నీళ్ళకు ఎలా వెళ్ళేవాళ్ళో, మగవాళ్ళు ఊరు వదిలిపోతే పొలం ఎవరు చూసుకున్నారో, సాక్షి చెప్పినవాడి ఇంటి గడప ఎవరూ తొక్కకపోతే వాడి కూతురి పెళ్ళి ఎలా అయిందో, ఇవేవీ ఆ సినిమాల్లో లేవు. అందుకే ‘పాత లెక్క తిరగేసిన వెస్టర్న్’ అని ఎవరైనా చెప్తే నేను ఆశగా చూస్తాను, ఇందులోనైనా ఆ మిగిలినవాళ్ళు కనపడతారేమో అని. ఇక్కడ జేన్ ఉంది. కాథ్లీన్ లాయిడ్ బాగా చేసింది, తండ్రిని నిలదీసే ధైర్యం ఆమెకు ఒక్కదానికే ఉంది. ఉరి తీసిన రోజున తండ్రి మొహం మీదే అడుగుతుంది. కానీ తండ్రిని చంపిన లోగన్‌తో చివర్లో ఆమె మాట్లాడే మాటలు చూడండి, మళ్ళీ ఎప్పుడైనా కలుద్దాం అన్నట్టు విడిపోతారు. కన్నతండ్రి పోయిన ఇంట్లో ఆ మాటలు ఎలా వస్తాయి? నాకు అక్కడ చాలా కోపం వచ్చింది.


రాత్రి_ఆట (ప్రొద్దుటూరు):

మీరందరూ ఇంత రాశాక చెప్పాలంటే మొహమాటంగా ఉంది, నాకు ఈ సినిమా ఇష్టం. కుదురుగా ఉన్న సినిమాలు బోలెడు ఉన్నాయి, వాటిలో సగం గుర్తుండవు. ఇందులో క్లేటన్ మొదటిసారి వచ్చే షాట్ చూడండి, గుర్రం ఒక్కటే వస్తున్నట్టు ఉంటుంది, మనిషి లేడు, తర్వాత గుర్రం మెడ పక్క నుంచి తల బయటికి వస్తుంది. ఆ ఒక్క షాటుకే నేను టికెట్టు డబ్బులు ఇచ్చేస్తాను. విడుదలైనప్పుడు విమర్శకులు చీల్చి చెండాడారు, నిజమే, కానీ తర్వాత రోజుల్లో దీన్ని మళ్ళీ చూసి మెచ్చుకున్నవాళ్ళూ చాలామంది ఉన్నారు.

సంగీతం సంగతి ఎవరూ ఎత్తలేదు. జాన్ విలియమ్స్ అంటే మనకు పెద్ద ఆర్కెస్ట్రా గుర్తొస్తుంది. 1975లో ‘జాస్’, 1977లో ‘స్టార్ వార్స్’, ఆ రెండింటి మధ్య ఇది చేశాడు. ఇక్కడ గిటారు, హార్మోనికా లాంటి నాలుగు వాయిద్యాలతో సరిపెట్టాడు. హీరోయిజం లేని సినిమాకు ఆర్భాటం ఎందుకని ఆయనకు తెలిసింది.

ఒక్క విషయం మాత్రం నేనూ క్షమించలేను. షూటింగులో ఒక గుర్రం నీళ్ళలో మునిగి చచ్చిపోయింది. జంతువుల విషయంలో పనికిరాని సినిమా అని అమెరికాలో జంతు సంరక్షణ సంఘం దీన్ని పక్కన పెట్టింది. గుర్రాల దొంగల కథ తీస్తూ గుర్రాన్ని కాపాడుకోలేకపోవడం ఏమిటి? వాగు సీన్లు వచ్చినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

అనంతపురం అన్నకు ఒక ప్రశ్న. మనవాళ్ళకు కౌబాయ్ అంటే 1971లో కృష్ణ గారు చేసిన ‘మోసగాళ్ళకు మోసగాడు’. రాజస్థాన్ ఎడారిలో గుర్రాలు, టోపీలు, తుపాకులు పెట్టి తీశారు, జనం ఎగబడి చూశారు. ఆ రకం చూసి పెరిగినవాళ్ళం హీరో ఎప్పుడు తిరగబడతాడా అని చూడటానికి అలవాటు పడిపోయాం. మీ నిరాశలో అది కొంతైనా లేదా?


గుత్తికోట (అనంతపురం):

లేదు తమ్ముడూ, ఆ అలవాటు నాకు ఉంటే మొదటి పది నిమిషాలకే టీవీ కట్టేసేవాణ్ణి. హీరో తిరగబడాలని నేను కోరుకోలేదు. తిరగబడని సినిమా కూడా తన మాట తాను పూర్తిగా చెప్పాలని కోరుకుంటాను.

గండికోట అన్నా, తొట్టి సీనుకూ గొంతు కోసే సీనుకూ మీరు కలిపిన దారం చాలా బాగుంది. దాని కోసమైనా ఇంకోసారి చూస్తాను. కానీ మీ మాటలోనే నా బాధ కూడా ఉంది. మధ్యలో దారి కనపడలేదు అన్నారు కదా. దర్శకుడి మనసులో ఉంటే సరిపోదు, తెర మీదికి రావాలి. అది రావాల్సిన నిమిషాలన్నీ బ్రాండో వాడేసుకున్నాడు. రెండు గంటల పైచిలుకు సినిమాలో ఆ చోటు ఒకరికి ఇస్తే ఇంకొకరికి పోతుంది.

చీనీతోట గారూ, మీరు రాసింది చదివి కాసేపు ఏమీ తోచలేదు. మా పెదనాన్న వాళ్ళ ఊళ్ళోనూ అలాగే జరిగింది. ఆ తోటను అంత పట్టించుకుని నేను చూడలేదు, మీరు చెప్పాక సినిమా మొత్తం దాని చుట్టూ తిరగాల్సింది అనిపిస్తోంది. కిరాయి మనిషిని దించిన ఆసామి, దొంగతనం వదలాలా వద్దా అని ఊగే రైతు. ఈ ఇద్దరి సినిమా అది.

స్టార్లు ఉంటూనే ఈ పని సరిగ్గా చేసిన వెస్టర్న్‌లు ఉన్నాయా? ఉంటే పేర్లు చెప్పండి.


బురుజుకింద (కర్నూలు):

ఉన్నాయి. రెండు చెప్తాను. ఒకటి రాబర్ట్ ఆల్ట్‌మన్ 1971లో తీసిన ‘మకేబ్ అండ్ మిసెస్ మిల్లర్’. వారెన్ బీటీ, జూలీ క్రిస్టీ, ఇద్దరూ అప్పటికి పెద్ద స్టార్లే. కానీ వాళ్ళు ఆ బురద ఊళ్ళో ఒకరుగా కలిసిపోతారు, ఊరి కంటే పైకి లేవరు. అక్కడా ఒక పెద్ద కంపెనీ కిరాయి హంతకుల్ని పంపుతుంది. చివర్లో ఊరి జనమంతా చర్చికి అంటుకున్న మంటలు ఆర్పుతుంటారు, అదే సమయంలో మకేబ్ ఆ హంతకులతో ఒంటరిగా తలపడి, మంచులో కూలబడి చచ్చిపోతాడు, ఎవరూ చూడరు. చంపించినవాళ్ళ మీద మన కోపం ఎక్కడికీ చెదిరిపోదు, ఎందుకంటే హంతకులు అక్కడ ఉద్యోగులు మాత్రమే.

రెండోది క్లింట్ ఈస్ట్‌వుడ్ 1992లో తీసిన ‘అన్‌ఫర్గివెన్’, ఉత్తమ చిత్రంగా ఆస్కార్ కూడా వచ్చింది. అందులో జీన్ హ్యాక్‌మన్ షెరీఫ్. తన చేతులతో తానే ఇల్లు కట్టుకుంటూ ఉంటాడు, పనితనం లేదు, వాన పడితే కారుతుంది. ఊళ్ళో మనుషుల్ని ఒళ్ళు హూనమయ్యేలా కొట్టే మనిషే ఇంటికొచ్చి ఆ కారే చోట్ల గిన్నెలు పెట్టుకుంటాడు. చీనీతోట గారు తోట గురించి చెప్పింది నాకు అక్కడే గుర్తొచ్చింది. ఆ ఇల్లు కథలో చివరి దాకా ఉంటుంది, హ్యాక్‌మన్ చనిపోయేటప్పుడు కూడా ఆ ఇంటి మాటే అంటాడు. ఒక చిన్న వివరం పెట్టారంటే దాన్ని గాలికి వదల్లేదు. ఈస్ట్‌వుడ్ కూడా తాను స్టారని ఎక్కడా చూపించుకోడు, పందుల దొడ్లో బురదలో పడతాడు, గుర్రం ఎక్కలేక జారిపోతాడు.


చీనీతోట (తాడిపత్రి దగ్గర):

ఇల్లు సంగతి భలే పట్టుకున్నారు. ‘అన్‌ఫర్గివెన్’ నేను చూశాను. అందులో మొహం మీద కత్తి గాట్లు పడిన అమ్మాయి, ఆమె కోసం డబ్బులు పోగేసే ఆడవాళ్ళు, వాళ్ళ నుంచే కథ మొదలవుతుంది. చేసిన ప్రతి హత్యకూ ఎవరో ఒకరు కూర్చుని బాధపడతారు. మొదటిసారి మనిషిని చంపిన ఆ కళ్ళు సరిగ్గా కనపడని కుర్రాడు చెట్టు కింద తాగుతూ ఏడుస్తాడే, మన ఫ్యాక్షన్ సినిమాల్లో అలాంటి సీను ఒక్కటి ఉండి ఉంటే మా ఊళ్ళ గురించి జనం వేరేలా అడిగేవాళ్ళు.


గండికోట_గాలి (కడప జిల్లా):

అనంతపురం అన్నా, ముందు ‘అన్‌ఫర్గివెన్’ చూడు, కథ తిన్నగా పోతుంది. ‘మకేబ్’ తర్వాత చూడు. అందులో ఆల్ట్‌మన్ మాటలన్నీ ఒకదాని మీద ఒకటి పడేటట్టు పెట్టినాడు, ఊళ్ళో పదిమంది ఒకేసారి మాట్లాడుతుంటారు, సబ్‌టైటిల్స్ లేకుంటే మనకు కష్టం. ఫోన్లో మాత్రం చూడొద్దు, అసలే చీకటి సినిమా, లాంతరు వెలుగులో తీసినట్టు ఉంటుంది. రాత్రిపూట లైట్లు తీసేసి టీవీలో చూసి, నచ్చిందో లేదో ఇక్కడే రాయి.